దరఖాస్తు కాదు, కొలత కావాలి

మార్కాపురంలో మేము నమాజుకు వెళ్లే మసీదులో ఒకప్పుడు గోడవారగా రెండే కుర్చీలుండేవి. నేడు వెనుక వరుస సగం కుర్చీలతో నిండి ఉన్నది. రుకూకు వంగలేనివారు, సజ్దాకు నేలను తాకలేనివారు వాటిపై కూర్చొని నమాజు పూర్తి చేసుకుంటున్నారు. వారందరూ వృద్ధులు కారు. యాభై దాటని హమాలీలున్నారు, పలకల గనుల్లో యౌవనమంతా ఖర్చు చేసినవారున్నారు. అడిగితే “వయసైంది సాబ్, అల్లా దయ” అంటారు. మేమూ చాలాకాలం అంతే అనుకున్నాము.

ఎముకల ఫ్లోరోసిస్ ఉన్నదేమోనని అనుమానించినప్పుడు వైద్యులు రోగిచేత మొదట మూడు పనులు చేయిస్తారు. మోకాళ్లు మడవకుండా నడుము వంచి కాలివేళ్లను అందుకొమ్మంటారు. గడ్డాన్ని రొమ్ముకు ఆనించమంటారు. చేతులు చాచి, మడిచి, తల వెనుకకు చేర్చమంటారు. ఎక్సరే, మూత్ర పరీక్ష తరువాతి మాట. రోజుకు ఐదుసార్లు వంగి లేచే అలవాటున్న మనిషికి ఆ వంగడం ఎప్పటినుండి కష్టమైనదో తెలియకుండా ఉండదు. అయినా ఆ సంగతిని ఎవరూ రాసుకోలేదు, ఎవరూ లెక్క పెట్టలేదు. మా కుర్చీల వరుసకు ఫ్లోరైడే కారణమని మేము ప్రకటించడం లేదు. కీళ్లవాతం కావచ్చు, బస్తాలు మోసిన నడుము కావచ్చు. ఎవరూ కొలవలేదు గనుక ఎవరికీ తెలియదు. మా ఫిర్యాదు ఇదే.

ఈ ఫిర్యాదులో మొదటి ముద్దాయిలం మేమే. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాళ్లం. తపాలా రిజిస్టరులో మేము ఎక్కించిన నీళ్ల దరఖాస్తులకు అంతులేదు. అన్నిటిలో ఒకే ధోరణి. “అయ్యా, మా వీధిలో నీరు తాగుటకు పనికిరాకున్నది. పిల్లలు జబ్బు పడుచున్నారు. తమరు దయతో...” దానిమీద మేము రాసే నోటు కూడా ఒకటే ధోరణి. ట్యాంకరు పంపవలసినదిగా సంబంధిత అధికారిని కోరడమైనది. ట్యాంకరు పోయినట్లు జవాబు రాగానే ఎల్.డిస్. అని వేసి ఫైలు కట్టివేయడమైనది. ఎల్.డిస్. అంటే ఏమిటో బయటివారికి తెలియదు. ఆ కాగితాన్ని ఒక ఏడాది ఉంచి తరువాత నాశనం చేయవచ్చునని అర్థం. శాశ్వతంగా భద్రపరిచేవాటికి ఆర్.డిస్. అని వేస్తారు. మా చేతుల మీదుగా వెళ్లిన నీళ్ల దరఖాస్తులలో ఆర్.డిస్. పడినది ఒక్కటీ మాకు జ్ఞాపకం లేదు. ఎందుకంటే వాటిలో నిలబెట్టడానికి ఏమీ లేదు. ఏ బోరు, ఎంత లోతు, ఏ తేదీన తీసిన నీరు, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడు? ఈ నాలుగు ముక్కలూ ఉన్న కాగితాన్ని ట్యాంకరుతో మూయలేరు. ట్యాంకరు పోయినా ఆ అంకె కాగితం మీదే ఉంటుంది.

దయను కోరే కాగితానికి దయతోనే జవాబు వస్తుంది. పండుగకు ట్యాంకరు వస్తుంది, ఎన్నికలకు మరొకటి వస్తుంది.

ఈ ప్రాంతపు చరిత్ర తెలిసినవారెవరూ “శాస్త్రం చదువుకున్నవారి పని, మాకెందుకు” అని అనలేరు. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను మొట్టమొదట గుర్తించినది ఏ ప్రయోగశాలా కాదు. 1930ల తొలినాళ్లలో ఆనాటి నెల్లూరు జిల్లా రైతులు తమ ఎడ్లు కీళ్లు బిగుసుకొని నడవలేకపోవడం గమనించారు. ఆ తరువాతనే వైద్యులు మనుషులను పరీక్షించారు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు ఇండియన్ మెడికల్ గెజిట్‌లో దీనిని ప్రచురించారు. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకూ ఆ నెల్లూరు జిల్లాలోనివే. మన మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు జిల్లా నుండి వచ్చి వాటితో కలిశాయి. ఎద్దు కుంటితే అది ఎందుకు కుంటుతున్నదని అడిగిన రైతుల గడ్డ ఇది. మనిషి కుంటితే వయసు అని సరిపెట్టుకుంటున్నాము.

ఇక్కడ నేల స్వభావం కొంచెం చెప్పాలి. కనిగిరి వైపు ఉన్నది గ్రానైటు రాయి. మార్కాపురం, కంభం వైపు ఉన్నది పలక రాయి. ఫ్లోరైడు ఉన్న ఖనిజాలు గ్రానైటులో అధికం. నీరు ఎంత లోతున, ఎంతకాలం ఆ రాతితో కలిసి ఉంటే అంతగా ఫ్లోరైడు నీటిలోకి దిగుతుంది. సున్నపు అంశం తక్కువగా, క్షారం ఎక్కువగా ఉన్న నీటిలో మరింత దిగుతుంది. కనుక ఒక వీధి బోరు మంచిదైతే పక్క వీధి బోరు మంచిదని నమ్మడానికి వీలులేదు. రెండు వందల అడుగులలో నీరు అడుగంటి, అదే బోరును ఇంకా లోతుకు దించినప్పుడు పాత పరీక్ష కాగితం చెల్లదు. “ఈ మండలంలో ఫ్లోరైడు ఉన్నది, ఆ మండలంలో లేదు” అని జిల్లా పటంలో రంగులు వేసినంత మాత్రాన మన ఇంటి కడవలో ఏమున్నదో తేలదు.

ఇప్పుడు ఎండల సంగతి. వాతావరణ మార్పు అంటే ధ్రువపు మంచు, మునిగిపోయే దీవులు అని మనలో చాలామంది భావన. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కలలో అత్యంత వేడి సంవత్సరం 2024. పారిశ్రామిక యుగానికి పూర్వంతో పోల్చితే భూమి సగటు ఉష్ణోగ్రత ఆ ఏడాది ఒకటిన్నర డిగ్రీకి పైగా పెరిగింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదు. అందుచేత వాన నెమ్మదిగా ముసురు పట్టడం తగ్గి, ఒక్కసారిగా కుండపోతగా కురిసి వాగులపాలవుతుంది. భూమిలోకి ఇంకేది తగ్గుతుంది, బోరు ఇంకా లోతుకు పోతుంది. పశ్చిమ ప్రకాశానికి వాతావరణ మార్పు సముద్రం మీదుగా రాదు. బోరు గొట్టంలో నుండి వస్తుంది.

దీనికన్నా ముఖ్యమైన లెక్క ఒకటున్నది. దానిని ఎవరూ మనకు చెప్పడం లేదు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించరాదని, వేరే ఆధారం లేనిచోట 1.5 వరకు సహించవచ్చునని మన దేశ ప్రమాణం. సరే. 1.5 ఉన్న నీటిని గదిలో ఫ్యాను కింద కూర్చున్న ఉద్యోగి రోజుకు రెండు లీటర్లు తాగితే అతని ఒంట్లోకి 3 మిల్లీగ్రాములు పోతుంది. అదే నీటిని మే నెల ఎండలో బస్తాలెత్తే హమాలీ ఆరు లీటర్లు తాగితే 9 మిల్లీగ్రాములు. కాగితం మీద ఇద్దరి నీళ్లూ ప్రమాణానికి లోబడినవే! నీరు ఎంత తాగుతారో, ఇతర ఆహారం ద్వారా ఎంత చేరుతుందో చూసి దేశాలు తమ ప్రమాణాలు నిర్ణయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాలలో వెయ్యి మందికి పైగా వడదెబ్బకు చనిపోయినప్పటి నుండి ప్రతి వేసవిలోనూ నీళ్లు ఎక్కువగా తాగండని అధికారులు దండోరా వేయిస్తున్నారు. మంచి సలహాయే. ఏ నీళ్లు అన్నది మాత్రం చెప్పరు. మనవారిలో అత్యధికులు నీడపట్టున ఉద్యోగాలు చేసేవారు కారు. నూర్‌బాషా కూలీలు, తోపుడుబండ్ల వారు, మేస్త్రీలు, గని కార్మికులు. లీటరు లెక్కతో కాక రోజు లెక్కతో చూస్తే ఫ్లోరైడు భారం ఎవరి ఎముకల మీద పడుతుందో వేరే చెప్పనవసరం లేదు.

దీనికి తిండిని కూడా కలపాలి. అన్నం, పప్పు ఆ నీటిలోనే ఉడుకుతాయి. చాయ్‌పత్తాలో కూడా ఫ్లోరైడు ఉంటుంది, ముదురాకుతో చేసిన చౌక రకంలో ఎక్కువ. ఈ మాట రాస్తున్నప్పుడు మా ఇంటివారు మమ్మల్ని అదోలా చూశారు. దినానికి ఎనిమిది కప్పులు తాగే మేము ఎవరికి చెప్పగలము? పాలు, రాగులు, ఆకుకూరలు తినే పిల్లలకు క్యాల్షియం అంది కొంత రక్షణ ఉంటుంది. అవి కొనలేని ఇంటి పిల్లలకు అదే నీరు ఎక్కువ హాని చేస్తుంది. కొత్తపళ్లు తయారయ్యే వయసులో తాగిన నీరు పళ్ల మీద గారగా నిలిచిపోతుంది. తోమితే పోదు. పెళ్లిచూపుల్లో ఆ గారను చూసి తిరిగిపోయిన సంబంధాలు మాకు తెలుసు. అమ్మాయి తప్పేమిటి? చిన్నతనంలో ఆమె ఏ బోరు నీరు తాగిందో అడిగినవారెవరు?

“వెలిగొండ వస్తే ఇవన్నీ పోతాయి” అని మాకు చెప్పని నాయకుడు లేడు. వెలిగొండ మన హక్కు. దానికోసం జీవితమంతా పోరాడిన కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరే దానికి పెట్టారు. శ్రీశైలం జలాశయం నుండి 43.5 టీఎంసీల వరద నీటిని సుమారు 19 కిలోమీటర్ల జంట సొరంగాల ద్వారా నల్లమలను దాటించి తేవాలని సంకల్పం. 1996లో శంకుస్థాపన జరిగింది. ఆనాడు పుట్టిన బిడ్డకు నేడు బిడ్డలున్నారు. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు. జాతికి అంకితమైనది గాని మా కుళాయికి అంకితం కాలేదు. రేపు నీరు వచ్చినా అది కృష్ణమ్మకు వరద వచ్చిన రోజులలోనే రావాలి. వచ్చిన నీరు కాలువ దాటి, ట్యాంకు దాటి, గొట్టం చివరనున్న మన పేట దాకా చేరాలి. గొట్టం చివర ఎవరి పేటలుంటాయో మనకు కొత్త కాదు. వెలిగొండ కోసం కొట్లాడుదాము. ఆ వంకతో ఈ ముప్పై ఏళ్లూ బోరు నీటిని కొలవకపోవడాన్ని మాత్రం క్షమించలేము.

ఈలోగా వీధికొక వాటర్ ప్లాంటు వెలిసింది. ఇరవై లీటర్ల క్యాను ఇంటింటికీ వస్తున్నది. అమ్మేవాడు పెన్ను వంటి మీటరు నీళ్లలో ముంచి అంకె చూపి “చూడండి భాయ్, ఎంత శుద్ధమో” అంటాడు. అది టీడీఎస్ మీటరు. నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి సుమారుగా చెబుతుంది, ఫ్లోరైడు ఎంతో విడిగా చెప్పదు. బడుగు ఇళ్లలో కొందరు కాచి తాగితే మంచిదనుకుంటున్నారు. కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన దానిలో అది చిక్కబడుతుంది. ప్లాంటు వడపోసి విడిచిన నీటిలో పేరుకున్న ఫ్లోరైడు మురుగుకాలువ గుండా తిరిగి ఆ నేలలోకే పోతుంది. క్యాను కొనలేనివాడు తాగేది ఆ నేలలోని నీరే. తూకంలో తక్కువ చేసేవారిని ఖుర్ఆన్ ఎంత కఠినంగా హెచ్చరించిందో జుమా ప్రసంగాలలో వింటూనే ఉన్నాము. అసలు తూకమే వేయకుండా అమ్మే సరుకు మాట ఏ ఇమాం సాహెబూ ఇంతవరకు ఎత్తలేదు.

కరెంటు సంగతి కూడా నీటి సంగతే. సౌర విద్యుత్తును మేము స్వాగతిస్తున్నాము. బొగ్గు పొగ తగ్గకపోతే మన ఎండలు తగ్గవు. అయితే సోలార్ మోటారుకు బిల్లు రాదు గనుక పొద్దంతా నడుస్తుంది. నడిచిన కొద్దీ నీటిమట్టం పడిపోతుంది. గుజరాత్‌లోని ఢుండి గ్రామ రైతులు సహకార సంఘం పెట్టుకొని మిగిలిన సౌర విద్యుత్తును గ్రిడ్డుకు అమ్ముకున్నారు. నీరు తోడడం కన్నా కరెంటు అమ్మడం లాభమైనప్పుడు మోటారు తనంతట ఆగుతుంది. అటువంటి ఏర్పాటు లేకుండా మోటార్లు మాత్రమే పంచితే అది మేలో కీడో లెక్క వేయాలి. 2025 ఏప్రిల్ 2న కనిగిరి నియోజకవర్గంలోని దివాకరపల్లి వద్ద రిలయన్స్ వారి బయోగ్యాస్ ప్లాంటుకు మంత్రి నారా లోకేశ్ శంకుస్థాపన చేశారు. బంజరు భూములలో నేపియర్ గడ్డి పెంచి గ్యాసు తీస్తారట. ఉపాధి వస్తుందంటే సంతోషమే. మేము వ్యతిరేకులం కాము. మా ప్రశ్న ఒకటే. ఆ గడ్డి ఏడాది పొడుగునా తడి కోరుతుంది. ఎకరాకు ఎంత నీరు, ఏ బోరు నుండి, ఆ చుట్టుపక్కల తాగునీటి బోర్లలో ఫ్లోరైడు నేడు ఎంత, మూడేళ్ల తరువాత ఎంత? బంజరు అని కాగితంలో రాసిన భూమి మేకల కాపరికి మేతబీడు అన్న సంగతి కూడా లెక్కలో చేరాలి. ఈ అంకెలు గ్రామసభ ముందుంచి అడిగితే అది ప్రజాస్వామ్యం. శిలాఫలకం ముందు చప్పట్లు కొట్టించుకొని పోతే అది తతంగం.

సామాన్యులకు ఇది సాధ్యమా అని సందేహించేవారు మన ప్రాంతాన్నే చూడవచ్చు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2003 నుండి 2009 వరకు ఆంధ్రప్రదేశ్ రైతుల యాజమాన్యంలో భూగర్భజల పథకం ఒకటి నడిచింది. ఏడు కరవు జిల్లాలలో ఆరు వందలకు పైగా గ్రామాలు. ఆనాటి మన ప్రకాశం జిల్లా అందులో ఒకటి. చదువు అంతంతమాత్రమైన స్త్రీ పురుషులు వానమాపకాలు పెట్టుకొని వర్షం కొలిచారు. బోరులోకి తీగ దించి నీటిమట్టం రాసుకున్నారు. రబీకి ముందు కూర్చొని, భూమిలో ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని గోడమీద లెక్క కట్టారు. ఎవరినీ ఎవరూ నిర్బంధించలేదు. లెక్క కళ్లముందు ఉన్నందున చాలామంది వరి తగ్గించుకున్నారు. పథకం ముగిసింది, నిధులు ఆగాయి. ఆ విద్య మాత్రం మన ప్రాంతపు మనుషుల చేతుల్లో ఇంకా ఉన్నది.

మన సంఘంలోని కొందరు పెద్దలు మమ్మల్ని మందలించారు. వక్ఫ్ చట్టం మారిపోయి ఖబరస్తాన్లకే దిక్కులేని కాలంలో నీళ్లు, ఎండలు, గడ్డి అని తిరగడమేమిటి, అవి అందరి సమస్యలు గదా, మైనారిటీ హక్కులు ఎలా అవుతాయి అన్నారు. వారిమీద మాకు గౌరవం తగ్గలేదు. కాని వారి వాదం మాకు సమ్మతం కాదు. మంచినీరు ఇరవై ఒకటవ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని హైదరాబాదు జంట జలాశయాల కేసులో సుప్రీంకోర్టు 2000 సంవత్సరంలో చెప్పింది. వాతావరణ మార్పు దుష్ఫలితాల నుండి రక్షణ కూడా హక్కేనని 2024లో చెప్పింది. అందరి హక్కు గొట్టం చివరి పేటకు రాకుండా ఆగినప్పుడు అది మైనారిటీ హక్కు కాక ఇంకేమవుతుంది? పైగా ఈ కొలత పనిలో ఎస్సీ కాలనీ వారు, బీసీ వీధుల వారు మనతో కలిసి నడవగలరు. వక్ఫ్ పోరాటంలో మన పక్కన నిలబడమని వారిని అడగదలచుకుంటే, వారి బోరు దగ్గర మనం ఒకసారి నిలబడి ఉండాలి.

కనుక ముతవల్లీలను మేము అడుగుతున్నది పెద్ద పని కాదు. మసీదు బోరు నీటిని మొదట పరీక్ష చేయించండి. ఎంత వచ్చిందో, ఏ తేదీనో వుజూ చేసే చోట గోడమీద రాయించండి. నది ఒడ్డున కూర్చున్నా వుజూకు నీరు దుబారా చేయరాదని బోధించుకునే మనం ఆ నీరెటువంటిదో తెలుసుకోవడానికి వెనుకాడరాదు. మదర్సాలో, అంగన్వాడీలో, బడిలో అదే పని. పల్లెలవారు ఇంకొక ప్రశ్న అడగండి. జల్ జీవన్ మిషన్ నిబంధనల ప్రకారం ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష పెట్టెతో శిక్షణ ఇవ్వాలి. మీ ఊరిలో ఆ ఐదుగురు ఎవరు? పెట్టె ఎవరి బీరువాలో ఉన్నది? సచివాలయంలో జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది. ముప్పై రోజులలో జవాబు ఇచ్చితీరాలి. ఆ దరఖాస్తు ఎలా రాయాలో మాకు తెలుసు. ఎలా రాస్తే మూయవచ్చునో కూడా మాకే తెలుసు గనుక, మూయడానికి వీలుకాకుండా రాసిపెడతాము.

రాబోయే వేసవికి ముందొకసారి, వానల తరువాత మరొకసారి మన పేట బోర్లన్నిటి నీరూ సేకరించదలచాము. లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకొని అదే నీటితో మూడుసార్లు తొలవండి, సబ్బు పెట్టవద్దు. మోటారు వేసి కొంతసేపు వదిలిన తరువాత అంచుదాకా నింపి మూత బిగించండి. సీసా మీద వీధి పేరు, బోరు లోతు, ఇటీవల లోతు పెంచి ఉంటే ఆ సంవత్సరం, తేదీ రాయండి. ఆ నీరు తాగే ఇళ్లెన్నో కూడా రాయండి. శుక్రవారం జుమా తరువాత మసీదు వరండాలో రిజిస్టరు తెరిచి మేము కూర్చొని ఉంటాము.